టిష్యూ చేతికివ్వకూడదు

"ఆగు! ఆగు! ఆపెయ్!"

అప్పటిదాకా వెక్కివెక్కి ఏడుస్తున్న అమ్మాయి ఠక్కున ఏడుపు మింగేసి, ఎదురుగా టిష్యూ చాచి కూర్చున్న కుర్రాడి మీద విరుచుకుపడింది.

"అదెందుకిచ్చావ్?"

"ఏడుస్తున్నావుగా!"

"ఏడిస్తే ఇచ్చేయడమేనా? చేతికిచ్చావంటే 'ఇక చాల్లే, తుడుచుకుని లే' అన్నట్టు. పెట్టె అందేంత దూరంలో ముందే పెట్టి ఊరుకోవాలి. కావాలంటే వాళ్ళే తీసుకుంటారు. మొన్నే కదా చెప్పారు!"

"అమ్మ బాబోయ్! ఏడుపుకి కూడా సెక్షన్లున్నాయా తల్లీ?"

అద్దం అవతల కూర్చున్న క్లాసు క్లాసంతా గొల్లుమంది. అంతే, ఆ పేరు ఆమెకి అంటుకుపోయింది. సెక్షన్. అతనికి అప్పటికే ఒక పేరుంది. ఎవరి మొహం కాస్త వాడినా పక్కన వాలిపోతాడు కాబట్టి ఓదార్పు.

సోషల్ వర్క్ డిగ్రీలో అది రెండో ఏడు. ప్రాక్టీస్ రూమ్ అంటే పెద్ద ఆర్భాటం ఏం లేదు. ఎదురెదురుగా కాకుండా కాస్త ఏటవాలుగా వేసిన రెండు కుర్చీలు, మధ్యలో పొట్టి బల్ల, దాని మీద టిష్యూ పెట్టె, మూలన కెమెరా. ఒకరు కష్టంలో ఉన్న మనిషిలా నటించాలి, ఇంకొకరు ఆ కష్టం వినాలి. సెక్షన్ నటించినా నిజంగానే ఏడ్చేసేది. ఓదార్పు నటించమన్నా నటించలేకపోయేవాడు.

వినే వంతు వచ్చినప్పుడు ముఖ్యంగా ఒక మాట దగ్గర జారిపోయేవాడు. మొదట్లోనే చెప్పి తీరాల్సిన మాట అది. 'మీరు చెప్పేది మన మధ్యే ఉంటుంది. కానీ మీకో, ఇంకొకరికో ప్రమాదం ఉందనిపిస్తే మాత్రం నేను పైవాళ్ళకి చెప్పాల్సి వస్తుంది.' ఓదార్పు సగం చెప్పి ఆపేసేవాడు.

"మిగతా సగం ఏదీ?" అనేది సెక్షన్.

"ఆ 'కానీ' అనగానే ఎదుటి మనిషి మొహం మూసుకుపోతుంది. చూశావా ఎప్పుడైనా?"

"మూసుకుపోయినా చెప్పాలి."

"నువ్వు చెప్పు. నీ మొహం చూసి ఎలాగూ ఎవరూ మనసు విప్పరు."

"పోరా!"

ఆ 'పోరా' కోసమే రోజూ ఏదో ఒకటి గెలికేవాడు. ఆ సంగతి సెక్షన్‌కి తెలుసు. తెలిసీ రోజూ అనేది.

సాయంత్రాలు ఒకే బస్టాపులో నిలబడేవాళ్ళు. ఓదార్పు వాళ్ళ నాన్న ఆ రూట్లోనే బస్సు డ్రైవర్. వీళ్ళిద్దరూ కనబడగానే దూరం నుంచే రెండుసార్లు హారన్ కొట్టేవాడు. ఎక్కగానే అద్దంలోంచి చూస్తూ, "ఏమ్మా సెక్షన్, మావాడికి ఇవాళేం శిక్ష వేశావ్?" అనేవాడు. బస్సంతా వెనక్కి తిరిగి చూసేది. సెక్షన్ చెవులదాకా ఎర్రబడి కిటికీలోంచి బయటికి చూసేది, అక్కడేదో అద్భుతం ఉన్నట్టు.

ఒకరోజు బస్సులో ఓదార్పు అడిగాడు. "దగ్గరవాళ్ళ కేసు మనం తీసుకోకూడదట కదా?"

"తీసుకోకూడదు. న్యాయంగా ఆలోచించలేం. వేరేవాళ్ళకి ఇచ్చేయాలి."

"మరి నా కేసు నువ్వు తీసుకోవచ్చా?"

"క్లాస్‌మేటువేగా. తీసుకోవచ్చు."

"ఛ!" అన్నాడు ఓదార్పు, ఎంత గట్టిగా అన్నాడంటే నాన్న బ్రేకు వేయబోయి ఆగాడు.

మూడో ఏడు ఇద్దరినీ ఒకే ఆఫీసుకి ట్రైనింగ్‌కి పంపారు. ఒంటరి ముసలివాళ్ళ బాగోగులు చూసే ఆఫీసు. ఇద్దరికీ కలిపి ఒక బామ్మని అప్పజెప్పారు. నాలుగో అంతస్తులో కొడుకుతో ఉంటుంది. వీళ్ళని చూస్తే చాలు, "వచ్చారా నా పిల్లలు!" అని పొంగిపోయేది. కొడుకు ఎప్పుడూ పనికి వెళ్ళి ఉండేవాడు. వీళ్ళు వస్తారని తెలిసిన రోజు మాత్రం తలుపు తీసే ఉండేది.

ఆ రోజు సెక్షన్ ఆఫీసులో మీటింగ్‌లో ఇరుక్కుంది. ఓదార్పు ఒక్కడే, ముందు అనుకోని వేళలో వెళ్ళాడు. సాయంత్రం బస్టాపులో కనబడేసరికి తల నుంచి కాళ్ళదాకా తడిసి ఉన్నాడు. వాన దంచి కొడుతుంటే రేకు కిందికి కూడా రాకుండా నిలబడ్డాడు.

"ఏంటి, నోటికి తాళం పడిందా ఇవాళ?"

"తాళం అనకు."

సెక్షన్ చెయ్యి పట్టి రేకు కిందికి లాగింది. "ఏమైంది?"

"బామ్మని లోపల పెట్టి బయట తాళం వేసి వెళ్తున్నాడే వాడు. రోజూ! నేను తలుపు సందులోంచి మాట్లాడాను. మొన్న పాలు పొయ్యి మీద పెట్టి మర్చిపోయిందట. గదంతా పొగ. తలుపు కింద సందు దగ్గర ముక్కు పెట్టుకుని పడుకుందట, వాడొచ్చేదాకా. రాక్షసుడు! కన్నతల్లిని అలా ఎవడైనా..."

"నువ్వేమన్నావ్?"

"ఎవరికీ చెప్పొద్దని ఏడ్చింది. చెబితే కొడుకు నుంచి విడదీస్తారట. 'వాడికి నేను తప్ప ఎవరున్నారు నాయనా' అంటోంది. చెప్పనన్నాను. ఒట్టేశాను."

"'కానీ' చెప్పావా ముందు?"

ఓదార్పు తడిసిన చొక్కా అంచు పిండాడు.

"చెప్పలేదు," అన్నాడు. "చూడు, నేను నీకు ట్రైనీగా చెప్పట్లేదు. ఆఫీసులో మనిషిగా చెప్పట్లేదు. నీకు చెప్తున్నా. నీకు, అంతే." అని ఆమె వేళ్ళు పట్టుకున్నాడు.

రెండేళ్ళుగా ఆ ఒక్క క్షణం కోసం ఎన్ని రకాలుగా కలలు కందో సెక్షన్‌కే తెలుసు. వాన ఉంది, బస్టాపు ఉంది, అతని చెయ్యి ఉంది. అన్నీ కలలో ఉన్నట్టే ఉన్నాయి. ఆ చేతిలో పెట్టిన మాటే వేరే.

"రేపు ఇద్దరం కలిసి వెళ్ళి ట్రైనింగ్ మేడమ్‌కి చెబుదాం. నువ్వే చెప్పు. ప్లీజ్."

"ఒట్టేశాను అన్నానుగా."

దూరం నుంచి హారన్ రెండుసార్లు మోగింది. "ఎక్కండర్రా, తడిసిపోతారు!" అంటున్నాడు నాన్న. దారంతా ఓదార్పు ఆమె చెయ్యి వదల్లేదు. సెక్షన్ కూడా వదిలించుకోలేదు. దిగేదాకా పట్టుకునే ఉంది, ఎందుకంటే రేపటి నుంచి అది ఉండదని ఆమెకి తెలుసు.

పొద్దున్నే మేడమ్ గదిలోకి వెళ్ళి చెప్పేసింది.

మధ్యాహ్నానికల్లా తాళం పగలగొట్టారు. బామ్మని వృద్ధుల హోమ్‌కి మార్చారు. తెలిసి దాచినందుకు ఓదార్పుని ట్రైనింగ్ నుంచి తీసేశారు. ట్రైనింగ్ లేకపోతే డిగ్రీ లేదు. కావాలంటే మళ్ళీ ఆ ఏడంతా చదువుకోవచ్చన్నారు. ఓదార్పు వద్దన్నాడు.

కాలేజీ వరండాలో ఎదురుపడ్డారు. సెక్షన్ తిట్లు తినడానికి సిద్ధమై వచ్చింది. అతను తిట్టలేదు.

"నువ్వు చేసింది కరెక్టే."

"మరి ఎందుకిలా మొహం తిప్పుకుని..."

"కరెక్ట్ కాబట్టే. తప్పు చేసుంటే నాలుగు తిట్టి, మర్నాడు కలిసి టీ తాగేవాణ్ణి. కరెక్ట్ చేసినదాన్ని ఏమని తిట్టాలి చెప్పు?"

అతను కింద పెట్టిన బ్యాగు చేతిలోకి తీసుకున్నాడు.

"హోమ్‌కి వెళ్ళాను. బామ్మ గోడవైపు తిరిగి పడుకుంది. 'ఒట్టేశావు కదరా' అంది."

"బతికుంది కదా!" సెక్షన్ గొంతు పెద్దదైపోయింది.

"బతికుంది," అన్నాడు ఓదార్పు. బ్యాగు భుజాన వేసుకుని వెళ్ళిపోయాడు.

సెక్షన్‌కి ఆ ఏడు క్లాసులోకెల్లా ఎక్కువ మార్కులొచ్చాయి. సమయస్ఫూర్తితో వ్యవహరించిందని మేడమ్ అందరి ముందూ మెచ్చుకుంది. అందరూ చప్పట్లు కొట్టారు. ఆ చప్పట్లు చెంపల మీద పడుతున్నట్టు అనిపించి సెక్షన్ తలొంచుకుంది. ఎంత సిగ్గో ఈ పిల్లకి అనుకున్నారు.

బస్టాపు మార్చేసింది. వేరే రూట్లో, చుట్టూ తిరిగి ఇంటికెళ్ళడం అలవాటు చేసుకుంది.

కొన్నేళ్ళు గడిచాయి. ఇప్పుడు సెక్షన్ అలాంటి ఆఫీసులోనే ఉద్యోగం చేస్తోంది. ఇక్కడెవరికీ ఆ పేరు తెలియదు. ఏటవాలుగా రెండు కుర్చీలు, పొట్టి బల్ల, టిష్యూ పెట్టె మాత్రం అవే.

ఆ ఉదయం ఇన్‌చార్జ్ మేడమ్ తల లోపలికి పెట్టి, "ఇంకో తాళం కేసు వచ్చిందమ్మా. ముసలాయన్ని లోపల పెట్టి బయట గడియ వేసి వెళ్తున్నాడట కొడుకు. పక్కింటివాళ్ళు ఫోన్ చేశారు. కొడుకుని రమ్మన్నాను, చూడు," అని వెళ్ళిపోయింది.

కొరియర్ కంపెనీ చొక్కాలో ఒక మనిషి లోపలికొచ్చాడు. చిక్కిపోయాడు. గడ్డం పెరిగింది. ఆమెని చూసి గుమ్మంలోనే ఆగిపోయాడు.

"కూర్చోండి," అంది సెక్షన్. ఆ మాట ఎలా బయటికొచ్చిందో ఆమెకే తెలియదు.

"అండీనా?" అన్నాడు ఓదార్పు.

"ఇది ఆఫీసు."

కూర్చున్నాడు. ఆమె బల్ల మీద చేతులు పెట్టుకుని, నోటికి అలవాటైన మాట పట్టుకుంది, మునిగేవాళ్ళు కర్ర పట్టుకున్నట్టు. "మీరు చెప్పేది మన మధ్యే ఉంటుంది. కానీ..."

"కానీ మీకో, ఇంకొకరికో ప్రమాదం ఉందనిపిస్తే మాత్రం నేను పైవాళ్ళకి చెప్పాల్సి వస్తుంది," అని అతనే పూర్తి చేశాడు. "చూశావా, వచ్చేసింది. ఇటు కుర్చీలో కూర్చుంటే గానీ రాలేదు."

"నాన్నా?" అంది, 'మీ' అనడం కూడా మర్చిపోయి.

"నాన్నే. మతిమరుపు. నన్ను కండక్టర్ అనుకుంటాడు. పొద్దున్నే యూనిఫాం వేసేసుకుని 'డిపోకి లేటవుతోందిరా' అంటాడు. మొన్నొకరోజు మెయిన్ రోడ్డు మధ్యలో నిలబడి వచ్చిన బస్సునల్లా ఆపుతున్నాడు, 'నా బండేదీ' అని. నేను వెళ్ళేసరికి ఒక బస్సు అద్దం ఆయన మొహానికి ఇంత దూరంలో ఉంది." వేళ్ళతో చూపించాడు. "పని మానేస్తే ఇల్లు గడవదు. వెంట తీసుకెళ్తే బండి మీంచి దూకేస్తాడు. పక్కింటివాళ్ళని అడిగాను, ఒక పూట చూశారు, రెండో పూట తలుపు తీయలేదు. అందుకని..."

కుర్చీ అంచుకి జరిగాడు.

"గడియ పెట్టి మెట్లు దిగుతుంటే లోపల్నుంచి తలుపు కొడతాడు. రెండుసార్లు కొట్టి ఆగుతాడు. మళ్ళీ రెండుసార్లు. హారన్ కొట్టినట్టే. ఆ బామ్మ కొడుకుని ఏమన్నానో గుర్తుందా నీకు? వానలో?"

"గుర్తుంది."

"రాక్షసుడన్నాను."

అతని మొహం ముడుచుకుపోయింది. చప్పుడు లేకుండా ఏడుస్తున్నాడు. టిష్యూ పెట్టె అందేంత దూరంలోనే ఉంది. అతను తీసుకోవడం లేదు. సెక్షన్‌కి తెలుసు. కదలకూడదు. ఊరుకోవాలి. ఎంతసేపైనా సరే, ఆ ఏడుపు అతనిది.

చెయ్యి దానంతటదే లేచింది. ఒక టిష్యూ లాగి, అతని అరచేతిలో పెట్టి, వేళ్ళు మూసింది.

ఓదార్పు ఏడుపులోంచే తలెత్తాడు. "రూల్ తప్పావ్."

"ఊఁ."

లేచి తలుపు తీసి ఇన్‌చార్జ్‌ని పిలిచింది.

"ఈ కేసు నేను తీసుకోలేను మేడమ్."

"ఎందుకమ్మా? ఇక్కడ ఖాళీగా ఎవరున్నారు?"

"నాకు తెలిసినవాళ్ళు."

"బంధువులా?"

"కాదు. కలిసి చదువుకున్నాం."

"ఓస్, క్లాస్‌మేటేగా! దానికేం కాదు, నువ్వే చూసెయ్."

సెక్షన్ తలుపు పిడి గట్టిగా పట్టుకుంది.

"క్లాస్‌మేట్ కాదు మేడమ్. దగ్గరవాడు."

ఇన్‌చార్జ్ కళ్ళజోడు పైనుంచి చూసింది. "ఎంత దగ్గర?"

"ఈయన తాళం వేశాడంటే, తప్పు కాదేమో అనిపించేంత."

ఇన్‌చార్జ్ ఆమె భుజం మీద ఒకసారి చెయ్యి వేసి, తప్పుకోమన్నట్టు పక్కకి జరిపి లోపలికి నడిచింది. సెక్షన్ బయటికి అడుగు వేస్తుంటే వెనక నుంచి ఓదార్పు గొంతు వినిపించింది.

"నాన్నని తీసుకెళ్ళిపోతారా?"

తెలియదు అనొచ్చు. అదే ఓదార్పు అయితే అలాగే అనేవాడు.

"తీసుకెళ్తారు," అంది సెక్షన్, తల తిప్పి. "కొన్నాళ్ళకైనా."

"నువ్వైతే?"

"అప్పటి నేనైతే తీసుకెళ్ళేదాన్ని."

"ఇప్పుడు?"

"అందుకే కదా బయటికి పోతున్నాను."

తలుపు మూసుకుంది. లోపల ఇన్‌చార్జ్ గొంతు మొదలైంది. మాటలు వినబడకపోయినా ఏ మాట తర్వాత ఏ మాట వస్తుందో సెక్షన్‌కి తెలుసు. 'కానీ' దగ్గరికి వచ్చేసరికి కళ్ళు మూసుకుంది.

తన గదికి వెళ్ళలేదు. వరండాలో గోడవారగా ఉన్న బెంచీ మీద కూలబడింది. టీ కప్పులు తీసుకెళ్తున్న అటెండర్ ఆగి వింతగా చూశాడు.

"మేడమ్, అక్కడ కూర్చున్నారేంటి? అది లోపలికెళ్ళినవాళ్ళ ఇంటివాళ్ళు కూర్చునే బెంచీ."

"తెలుసు," అంది సెక్షన్.

కాస్త పక్కకి జరిగి కూర్చుంది, ఇంకొకరికి చోటుండేలా.