రెండు కుట్ల సంచి

నాచారం పారిశ్రామికవాడలో ఆ విత్తనాల కంపెనీకి రెండు షెడ్లున్నాయి. ముందు షెడ్డులో ఏసీ గదులు, తెల్లకోట్ల వాళ్ళు, గాజుపళ్ళేల్లో మొలకలు. ఎవరొచ్చినా చూపించేది అదే. వెనక షెడ్డు ఎవరికీ చూపించరు. మొలవక ఊళ్ళనుంచి వాపసొచ్చిన వరి విత్తనం అక్కడ పాత సంచుల్లోంచి కొత్త సంచుల్లోకి మారుతుంది. సంచి మీద పచ్చటి చేను బొమ్మ, కొత్త తేదీ. చచ్చిన గింజకి పెళ్ళికొడుకు వేషమన్నమాట!

ఆ వేషం వెయ్యడంలో జీవన్‌ని మించినవాడు లేడు. గింజకి రంగు పట్టించడం, ఎర్రదారంతో సంచి మూతి కుట్టడం, అన్నీ అతని చేతిమీదుగానే జరుగుతాయి. అక్కడ పనిచేసేవాళ్ళు తమ ఇళ్ళకి మాత్రం ముందు షెడ్డు సంచులే పంపుకుంటారు. నిరుడు అక్క మానస ఇంటికి జీవన్ కూడా అలాగే పంపాననుకున్నాడు. కానీ ఆరోజు రెండు షెడ్ల సరుకూ పక్కపక్కన పేర్చారు. ఏది ఏదో అతనే పోల్చుకోలేకపోయాడు. అంత బాగా కుట్టాడు మరి.

నారుమడిలో ఒక్క మొలక రాలేదు. అదును దాటిపోయింది. బావ మహిపాల్ గడ్డిమందు తాగి చచ్చిపోయాడు. ఆ సంచి ఏ షెడ్డుదో జీవన్ అక్కకి ఇప్పటికీ చెప్పలేదు. పోయినవారం ఆమె మళ్ళీ ఫోన్ చేసి విత్తనం అడిగింది. పంపుతానన్నాడు కానీ ఏ సంచి ఏ షెడ్డుదో నమ్మకం కుదరక, ఇంతవరకు ఒక్కటీ పంపలేదు.

ఈ సాయంత్రం ముసురు పట్టింది. వెనక షెడ్డు సరుకు కోసం బయట లారీ ఆగి ఉంది.

"సార్, ఈ మాల్ పంపకుర్రి సార్. మా బావ గిట్లనే పోయిండు" అన్నాడు జీవన్.

మేనేజర్ రాఘవేంద్ర నిట్టూర్చాడు. "నాకూ బాధగానే ఉందయ్యా. నువ్వు కుట్టకపోతే ఇంకొకడు కుడతాడు. కానిచ్చెయ్" అని ముందు షెడ్డుకి వెళ్ళిపోయాడు.

అంతలో కరెంటు పోయింది.

రేకుల మీద వాన చప్పుడు. కుళ్ళువాసన... గాలి జవహర్‌నగర్ చెత్తగుట్టల వైపు నుంచి తిరిగిందేమో అనుకున్నాడు. కాదు. ముక్కుపుటాలు మండించే ఘాటు. దవాఖానాలో బావ నోటి దగ్గర వచ్చిన వాసన అది.

తడుముకుంటూ దగ్గరున్న సంచి మీద చెయ్యి వేశాడు. వెచ్చగా ఉంది.

వడ్లు నానబెట్టి, సంచిలో మూటగట్టి, గడ్డి కప్పి బరువు పెడితే లోపల వేడి పుడుతుంది. దాన్ని మండె అంటారు. మండె వేడెక్కిందంటే గింజకి ప్రాణమున్నట్టే. కానీ ఇవి పొడి సంచులు. చచ్చిన గింజలు.

పక్క సంచిని తాకాడు. చల్లగా ఉంది. మళ్ళీ మొదటిదాని మీద చెయ్యి పెట్టాడు. జ్వరమొచ్చిన ఒళ్ళులా కాలుతోంది. అరచేతి కింద మెల్లగా పైకి లేచింది... దిగింది... మళ్ళీ లేచింది...

"బామ్మర్దీ..."

అది బావ గొంతు.

"జర మూతి ఇప్పరాదు... ఊపిరాడ్తలేదు..."

విప్పితే లోపల ఎవరున్నదీ చూడాలి. ఆ మొహం చూసే ధైర్యం అతనికి లేదు. కరెంటు లేక కుట్టుమిషన్ నడవదు. దబ్బనం అందుకుని, ఉన్న కుట్టు మీదే ఇంకో కుట్టు వేశాడు. చీకట్లో, ఏడుస్తూ, గబగబా కుట్టాడు. లోపల గొంతు సన్నబడింది. ఆగిపోయింది.

కరెంటు వచ్చింది. సంచి చల్లగా, పొడిగా ఉంది. హమాలీలు వచ్చి దాన్ని కూడా లారీలో వేశారు. లారీ ఘట్‌కేసర్ దారి పట్టింది. దాన్ని ఆపగలిగినవాడు తనొక్కడేనని జీవన్‌కి తెలుసు. అయినా అలాగే నిలబడి చూశాడు. సిగ్గుతో ఒళ్ళు చచ్చిపోయింది.

ఉప్పల్లో గదికి చేరేసరికి ఫోన్ మోగింది. అక్క.

"తమ్మీ, నువ్వు పంపిన సంచి మొన్ననే ముట్టింది. సంచి సంచే నానేసిన. మండె మస్తు వేడెక్కింది, చెయ్యి వెడ్తే కాలుతుంది. ఈసారి మనం బతికినట్టే రా!"

జీవన్ అసలు ఏ సంచీ పంపనేలేదు.

"గని రెండు కుట్లెందుకేసినవ్? ఒకటి మిషన్ది, ఒకటి చేత్తో ఏసిందున్నది. కత్తెర తెచ్చిన. ఇప్పుతున్న."

"అక్కా, ఇప్పకు... నీ కాళ్ళు మొక్కుత, ఇప్పకే..."

అవతల దారం తెగింది. తర్వాత ఇంకో దారం.

"ఓ తమ్మీ, ఇదేంది..." అని అక్క మాట సగంలో ఆగింది.

ఫోన్ కట్ కాలేదు. చాలాసేపటి నుంచి ఊపిరాడక ఉక్కిరిబిక్కిరైన మనిషి ఎవరో, అవతల, గుండెల నిండా గాలి పీల్చుకున్నారు.