చేపలు మాత్రం చావలేదు

ఆగస్టు పది, ఆదివారం. ఎస్సై కృపావరానికి ఆ తేదీ బాగా గుర్తు. ఆ ఉదయం ఉగ్గాని తిన్నాడు, రెండు మిరపకాయ బజ్జీలు నంజుకుని. భార్య పోయాక ఆదివారాల్లో ఆయనకు మిగిలిన సుఖం అదొక్కటే. ఆ రోజు తర్వాత చాలాకాలం ఉగ్గాని ఆయనకు సయించలేదు.

ఏడు నలభైకి ఫోన్ మోగింది.

"సార్, మర్డర్!"

"ఎవరు?"

"నా రీఫ్ ట్యాంక్ సార్. మొత్తం చంపేసింది. మా పనిమనిషి."

నంద్యాల నుంచి సముద్రం చూడాలంటే ఒక రాత్రి బస్సు ప్రయాణం. విత్తనాల వ్యాపారి మహేష్ ఆ సముద్రాన్ని తన హాల్లోనే పెట్టుకున్నాడు. ఆర్వో నీళ్లు, సంచులకొద్దీ ఉప్పు, నీలం లైట్లు, మనిషి పొడవు గాజు తొట్టి. దాన్నే రీఫ్ ట్యాంక్ అంటాడు.

మహేష్ భార్య గాయత్రి తలుపు తీసింది. వాసన ఎదురొచ్చి కొట్టింది.

కుళ్లిన కోడిగుడ్డు, ఎండకు మరిచిపోయిన చేపల బుట్ట కలిపితే వచ్చే వాసన. కానిస్టేబుల్ అజయ్ కుమార్ గుమ్మంలోనే ఆగిపోయాడు.

"సార్, నేను బయట సాక్షుల్ని విచారిస్తా."

"లోపలికి రా."

తొట్టిలో నీళ్లు కలిగంజిలా ఉన్నాయి. రాళ్ల నిండా జుట్టులా పెరిగిన పచ్చటి నాచు. దాని మధ్య పువ్వుల్లా విచ్చుకోవాల్సిన పగడపు జీవులు చర్మం ఊడి, జిగురు తీగలుగా కారుతున్నాయి. నత్తలు గుల్లల్లోంచి నాలుకల్లా వేలాడుతున్నాయి. కృపావరం జేబురుమాలు ముక్కుకు అడ్డం పెట్టుకున్నాడు.

వాటి నడుమ నారింజరంగు చేపలు రెండు హాయిగా తిరుగుతున్నాయి. ఒకటి అద్దం దగ్గరికొచ్చి నోరు తెరిచింది. తిండి కోసం.

నేల మీద ఒక ప్లాస్టిక్ బకెట్. అందులో కొత్త ఉప్పునీళ్లు, గాలి బుడగల మోటారు. మూడు రొయ్యలు, కొన ఊపిరితో ఉన్న నాలుగైదు పగడపు ముక్కలు.

తొట్టి పక్కన మోకాళ్ల మీద ఒక ఆడమనిషి. మోచేతుల దాకా బురద. ఉత్త చేతులతో ఆ కుళ్లు తోడి గిన్నెలో వేస్తోంది.

"ఎవరమ్మా నువ్వు?"

"దెబోరా సార్. ఈడ పని చేస్తాండా."

"చేతులతో ఎందుకు తీస్తున్నావ్?"

"నువ్వే చేసినావు, నువ్వే తియ్ అన్న్యాడు సారు."

"లే. చేతులు కడుక్కో."

గాయత్రి కిటికీ తెరిచి, సబ్బు, అరచెక్క నిమ్మకాయ తెచ్చిచ్చింది. కిటికీలోంచి కాస్త గాలి వచ్చింది. ఆ ఇంట్లో ఆ ఉదయం దొరికిన మంచి అంతే.

"ఏం పోసిందంటారు?" కృపావరం మహేష్‌ను అడిగాడు.

"ఫినాయిల్. నిన్న బయట అద్దం తుడవమంటే దాని మీద గీతలు పెట్టింది. తిట్టాను. కసి తీర్చుకుంది. ఎఫ్ఐఆర్ కట్టండి."

"పోస్తుంటే చూశారా?"

"చూడాలా? ఇంకెవరు చేస్తారు?"

"దేవుని తోడు సార్," అంది దెబోరా. "తొట్టి మూత కూడా నేను ముట్టను. బయట అద్దం తుడుస్తా, అంతే."

అజయ్ కుమార్ తన ఫోన్ చూపించాడు. మహేష్ అప్పటికే వీడియో పెట్టేశాడు. మోకాళ్ల మీద దెబోరా. కింద పెద్ద అక్షరాలు: 'విషం పెట్టిన పనిమనిషి'.

"రేపు ఆడపిల్లల హాస్టల్లో ఆయాగా చేరల్ల సార్," అంది దెబోరా. "హాస్టల్ మేడం ఇది చూసిందంట. కేసేమీ లేదని పోలీసోళ్లు చెప్తేనే రా అనె. రెండేండ్లు తిరిగితే వచ్చిన పని సార్."

కృపావరం తొట్టి కింది పెట్టె తెరిపించాడు. పైనుంచి నీళ్లు గొట్టంలో అక్కడికి దిగుతాయి. వడగట్టుకుని మోటారుతో మళ్లీ పైకెళ్తాయి. నీళ్లు పడే మూల వేలెడంత నీలం మరక. దానికి అంటుకుని ఒక గోనెనార.

"దీన్ని ఈ రోజు ఎవరు తెరిచారు?"

"నేనే. నేను తప్ప ఎవరూ ముట్టరు. ఎవరికీ చేతకాదు."

స్టోర్ రూంలో ఇంకో చిన్న తొట్టి ఉంది. అందులో ఒంటరిగా ఒక పసుపు చేప. పక్కన ఎర్ర టేపు చుట్టిన వల.

"ఇదేంటమ్మా?"

"క్వారంటైన్ సార్," అంది గాయత్రి. "చెన్నై నుంచి కొత్త చేప వస్తే నెలపైన ఈడే ఉంచుతాడు. ఒంటిమీద తెల్ల మచ్చలొస్తాయని రాగి మందు వేస్తాడు. ఆ మందు చేపలు ఓర్చుకుంటాయంట. పగడాలకు, రొయ్యలకు, నత్తలకు మాత్రం విషమంట. ఈ వల ఆ తొట్టిలో పెడితే ఇంట్లో యుద్ధమే."

"నిన్న మీ ఇంటికెవరైనా వచ్చారా?"

"ఎవరూ రాలేదు," హాల్లోంచి మహేష్ అన్నాడు.

గాయత్రి నేల చూసింది. తర్వాత తలెత్తింది. "మా మామయ్య వచ్చినాడు సార్, ఆళ్లగడ్డ నుంచి. తెల్లారి ఫస్టు బస్సుకు పోయినాడు."

"ఆయన పల్లెటూరి మనిషి. లెక్కలోకి రాడు," అన్నాడు మహేష్.

జీపు శిరివెళ్ల దాటి ఆళ్లగడ్డ దారి పట్టింది. వాసన ఇంకా ముక్కులోనే ఉందని అజయ్ కుమార్ దారంతా తల బయటే పెట్టాడు.

"సార్, చేపల కేసుకు ఇంత డీజిలా?"

"చేపలకు కాదు. రేపు పనిలో చేరాల్సిన మనిషికి."

మహేష్ తండ్రి శేషయ్య వరిమడిలో దొరికాడు. పంచె ఎగగట్టి, కాలువ నీళ్లు మడిలోకి దిగే మడవ దగ్గర వంగి ఉన్నాడు. అక్కడ కర్రకు కట్టిన గోనెమూట. దాని చుట్టూ నీళ్లు నీలంగా కరుగుతున్నాయి.

"ఏందప్పా అది?"

"మైలుతుత్తం సార్. మడవకాడ కట్టి పెడితే నీళ్లతో పాటే మడంతా పారుతుంది. నాచు చస్తుంది. పైరుకేం కాదు."

కృపావరం పుట్టింది పగిడ్యాల దగ్గర పల్లెలో. ఆ నీలాన్ని ఆయన చిన్నప్పుడే చూశాడు. మైలుతుత్తమంటే రాగి మందే.

"మీ కొడుకు తొట్టికి కూడా పెట్టినారా?"

ముసలాయన ముఖం విప్పారింది. "పెట్టినా! నీళ్లు దిగేకాడ, శనక్కాయంత. నాచు నాచని వాడు రాత్రి దాకా గీకుతానే ఉండె. చూస్తే పాపమనిపించె. తెల్లారి నేను పోయేటప్పుడు మూట ఆడే ఉండె. చెప్దామంటే వాడు నిద్రలో ఉన్న్యాడు. పోయిందా నాచు?"

కృపావరం జరిగింది చెప్పాడు. నెమ్మదిగానే చెప్పాడు. అయినా శేషయ్య గట్టు మీద కూలబడ్డాడు.

"ఆ యమ్మ మీద పెట్టినాడా? నిన్న మాపున నాకు జొన్నరొట్టె కాల్చి పెట్టింది ఆ యమ్మే కదప్పా." కాళ్లు కూడా కడుక్కోకుండా లేచాడు. "పాండి. జీపు తియ్యండి."

నాలుగింటికి అందరూ హాల్లో చేరారు. వాసన ఇంకా ముదిరింది. గుమ్మంలో తండ్రిని చూడగానే మహేష్ రంగు మారింది.

"మీరు చదువుకున్నవారు," కృపావరం అన్నాడు. "తొట్టిలో ఫినాయిల్ పడితే ముందు పోయేది ఏది?"

"అన్నీ."

"చేపలు?"

మహేష్ చూపు తొట్టి వైపు పోయింది.

"చేపలు తిండి అడుగుతున్నాయి. చచ్చింది పగడాలు, నత్తలు. చేపల్ని వదిలి వీటినే చంపేది ఏదో ఈ ఇంట్లో మీకే బాగా తెలుసు. రాగి. ఆ రాగి పెట్టింది మీ నాన్నగారు, మడికి పెట్టినట్టు. తెలియక చేశారు. అంత వరకు నేరం లేదు."

"అయితే నాకూ తెలియదు సార్. నేనూ మోసపోయాను. ఫినాయిల్ అనుకున్నా."

"నిజంగా ఫినాయిల్ అనుకుంటే, ముందు బకెట్లోకి తీసేది ఏంటి?"

అందరూ బకెట్ వైపు చూశారు.

"ప్రాణంగా పెంచుకున్న చేపల్ని ఆ నీళ్లలోనే వదిలేశారు. రొయ్యల్ని, పగడాల్ని మాత్రం తీసి మంచి నీళ్లలో పెట్టారు. వాటికే ప్రమాదమని మీకు తెలుసు. మేం రాకముందే తెలుసు. పెట్టె తెరిచింది మీరొక్కరే. తెల్లారి అక్కడున్న మూట మేం వచ్చేసరికి లేదు."

"ప్రూఫ్ ఏది?"

గాయత్రి లేచి వంటింట్లోకి వెళ్లింది. చెత్తడబ్బాలోంచి ఒక నల్లకవరు తెచ్చి బల్ల మీద విప్పింది. కుళ్లిన నత్తల మధ్య, జిగురు కారుతూ, చిన్న గోనెమూట. నీలంగా. అజయ్ కుమార్ నోటికి చెయ్యి అడ్డం పెట్టుకుని కిటికీ దగ్గరికి పరుగెత్తాడు.

"మధ్యాహ్నం చూసినా సార్," అందామె. "మొగునికి ఎదురు చెప్పేదా వద్దా అని ఇంతసేపు కూర్చున్యా. నాకే అసహ్యమేసింది."

మహేష్ కుర్చీలో జారగిలబడ్డాడు. "ఆన్‌లైన్ గ్రూపులో క్వారంటైన్ మీద క్లాసులు చెప్పేది నేను సార్. ఒక తడి వల కూడా ఆ తొట్టిది ఈ తొట్టిలో ముంచొద్దని చెప్పేది నేను. మా నాయన మైలుతుత్తం మూట వేశాడంటే నవ్వరా? పనిమనిషి అంటే ఎవరూ ఏమీ అడగరు."

కృపావరం ఆ ఉదయం నుంచి ముక్కు మూసుకుంటూనే ఉన్నాడు. ఈ మాట విన్నాక తొట్టి వాసనే నయమనిపించింది.

"నా పేరు చెప్తే ఏం పోయేదిరా?" అన్నాడు శేషయ్య. "నేనూ నవ్వుకునేటోన్ని. ఒకరి పిల్లతో ఆ పెంటెత్తిస్తావా?" దెబోరా వైపు తిరిగి చేతులు జోడించాడు. "తల్లీ..."

"దించండి పెద్దాయనా. మీరేం చేసినారు?" దెబోరా ఆయన చేతులు పట్టుకుంది. తర్వాత మహేష్‌ను చూసింది. "ఆ వీడియో తీసెయ్యండి సార్. తప్పయిందని చెప్పుకుంటానని నా మొగం మళ్లా పెట్టొద్దు. ఈసారి మీ మొగం పెట్టి చెప్పుకోండి."

"అబద్ధపు ఫిర్యాదుకు కూడా సెక్షన్ ఉంది," అన్నాడు కృపావరం. "ముందు ఆమె చెప్పింది చెయ్యండి. సెక్షన్ సంగతి రేపు స్టేషన్లో మాట్లాడదాం."

అజయ్ కుమార్ ఫోన్ పట్టుకుని మహేష్‌ను తొట్టి ముందు నిలబెట్టాడు. "చెప్పండి సార్. లైటింగ్ బాగుంది."

మహేష్ చెప్పాడు. మొదటిసారి తండ్రి పేరు మింగేశాడు. శేషయ్యే పక్కకొచ్చి నిలబడ్డాడు. "శేషయ్యని చెప్పు. గట్టిగా చెప్పు." రెండోసారి మొత్తం చెప్పాడు.

అక్కడి నుంచే కృపావరం హాస్టల్ మేడంకు ఫోన్ చేశాడు. ఆమె ఒకే మాట అడిగింది. "కేసు లేదు కదా?" లేదన్నాడు. "పొద్దున్నే రమ్మనండి," అని పెట్టేసింది.

చీకటి పడేవేళకు జీపు దెబోరా సందు ముందు ఆగింది. అరుగుల మీద కూర్చున్న వాళ్ల మాటలు ఆగిపోయాయి. అందరూ ఆ వీడియో చూసినవాళ్లే. దెబోరా తల దించుకునే దిగింది.

ఎదురింటి కమలాక్షమ్మ చాట పక్కన పెట్టి లేచింది. ఏమంటుందోనని కృపావరం కూడా జీపు దిగబోయాడు.

"ఏమే దెబోరా, పొద్దున ఐదుకే కొళాయి వస్తుందంట. నీ బిందె కూడా వరసలో పెట్టేదా?"

దెబోరా తలెత్తి చూసింది. "పెట్టక్కా," అంది చివరికి. "రేపు బిరీన పోవల్ల నేను. పనిలో చేరతాండా."

"పెడతాలే. పో, తిని పండుకో."

దెబోరా లోపలికి వెళ్లింది. వెనక్కి తిరిగి ఎస్సైకి ఒక్కసారి తల ఊపి, చప్పుడు చేయకుండా తలుపు వేసుకుంది.