రేకుల ఇంటివాడు అనర్హుడు

"మీ ఇంటి కప్పు గడ్డిదా, రేకులదా?"

ఆ ప్రశ్న వేసినప్పుడు ఆ అమ్మాయి సరిగ్గా నా రేకుల చూరు కిందే నిలబడి ఉంది.

"తలెత్తితే తెలుస్తుంది కదా మేడమ్," అన్నాను.

"ముందు అడగాలి, తర్వాత చూడాలి. మాకు అలాగే ట్రైనింగ్ ఇచ్చారు."

"ఎన్నాళ్ళిచ్చారేంటి?"

"నాలుగు రోజులు. హోటల్లో. భోజనంతో సహా."

"కప్పు చూడ్డానికి నాలుగు రోజులా! మా నానమ్మ డెబ్భై ఏళ్ళుగా చూస్తోంది, ఒక్కడూ భోజనం పెట్టలేదు."

ఆమె నవ్వు ఆపుకోవడానికి పెదవి కొరుక్కుంది. తర్వాత తల ఎత్తి చూసింది, ట్యాబు మీద వేలితో నొక్కింది, అందులో వచ్చింది చదివింది. "కప్పు, రేకులు. కుటుంబం, అనర్హులు. సారీ అండీ."

"దేనికి అనర్హులం?"

"డబ్బు సాయానికి. గడ్డి కప్పుంటే బీదవాళ్ళని మా సంస్థ లెక్క. ఒకే వాకిట్లో ఉన్న ఇళ్ళలో ఒక్కదానికి రేకులున్నా ఆ వాకిట్లో వాళ్ళెవరికీ సాయం రాదు. ఎప్పుడేయించారు?"

"పోయిన వారం."

"అయ్యయ్యో! ఇంకో పది రోజులు ఆగలేకపోయారా?"

ఆగలేకపోయానా! ఎవరంటున్నారో చూడండి ఆ మాట. ఆ రేకులు వేయించిందే ఆమె కోసం.

నా పేరు ఒగ్వెనో. సరస్సు దగ్గరి బోండోలో అద్దె మోటారుసైకిల్ మీద జనాన్ని ఎక్కించుకుని దింపుతుంటాను, మా దగ్గర దాన్ని బోడా అంటారు. మార్చిలో, తొలి వానలు పడ్డ రోజున, ఆమె నా బండెక్కింది. దారి పొడుగునా వాళ్ళమ్మతో ఫోన్లో పోట్లాడుతూనే ఉంది. "నీ ఇష్టం వచ్చిన సంబంధం చూడమ్మా, గడ్డి కప్పు కింద మాత్రం నేను కాపురం చెయ్యను. వానొస్తే చప్పుడు వినపడాలి. పైనుంచి పురుగులు కాదు రాలాల్సింది." అంత వానలోనూ ఆ గొంతు నా చెవిలో పడి, అక్కడే మకాం పెట్టింది. దిగేటప్పుడు నా ముఖం వైపు చూడలేదు. మా బోడా వాళ్ళ వీపు ఊరందరికీ తెలుసు, ముఖం ఎవడికీ తెలియదు.

ఆమె పేరు అలువోచ్ అని మా స్టాండులో అడిగి కనుక్కున్నాను. సొంత బండి కొనడానికి రెండేళ్ళు కూడబెట్టిందంతా తీసి, మా నాన్న వాకిట్లో ఉన్న నా గుడిసెకి రేకులు వేయించాను. నా అంత తెలివైనవాడు ఈ సరస్సు చుట్టుపక్కల ఇంకొకడు పుట్టలేదు.

అలువోచ్ అటు వెళ్ళగానే మా నానమ్మ దొర్సిలా కర్ర ఊపుకుంటూ వచ్చింది. "ఒరేయ్ దౌర్భాగ్యుడా! ఆ డబ్బొస్తే ఆవు కొనుక్కుందామనుకున్నానే. గడ్డి కింద నువ్వు పుట్టావు, మీ నాన్న పుట్టాడు. నీకొక్కడికే కుట్టిందా గడ్డి?"

"నానమ్మా, కష్టపడి వేసుకున్నా కదే!"

"కష్టపడితే డబ్బివ్వరంట. వినలేదా ఆ పిల్ల చెప్పింది?"

ఆమె మాటల్లో తప్పేం లేదు. అమ్మ పెట్టాపెట్టదు, అడుక్కు తినానివ్వదు అన్నట్టుంది ఆ సంస్థ వ్యవహారం. మా ఊళ్ళోకి ఎన్ని సంస్థలొచ్చాయో రోడ్డు పక్కన బోర్డులు చూస్తే తెలుస్తుంది. ఒకడు బావి తవ్వి బోర్డు పెట్టాడు. బావి ఎండిపోయింది, బోర్డు పచ్చగా ఉంది. ఒకడు చేతులెలా కడుక్కోవాలో నేర్పాడు, నీళ్ళు మాత్రం తేలేదు. ఎద్దు పుండు కాకికి ముద్దా? మా బీదరికం వాళ్ళ తెల్ల జీపులకి పెట్రోలు.

మా ఊరివాళ్ళు తక్కువ తిన్నారా? రూలు సంగతి పొక్కిన రెండో రోజుకే, అలువోచ్ మిగతా ఇళ్ళకి వెళ్ళేలోపే, ఊళ్ళో రేకులన్నీ మాయమైపోయాయి. గడ్డి మోపు దొరకడమే కష్టమైపోయింది. మా పక్కింటి ఒయుగి బాబాయి తన ఇంటి రేకులు ఊడదీసి పశువుల కొట్టానికి వేశాడు. ఆవులు పొడిగా పడుకుంటున్నాయి, పెళ్ళాం పిల్లలు తడుస్తున్నారు. సంస్థ లిస్టులో ఆయనే మొదటి బీదవాడు.

మూడు వారాల తర్వాత అలువోచ్ మళ్ళీ వచ్చింది. మొదటిసారి రాసుకుంది నిజమో కాదో చూసుకునే తనిఖీ అట. ఒయుగి కొట్టం ముందు నడుం మీద చెయ్యి పెట్టుకుని నిలబడింది.

"ఒగ్వెనో గారూ, ఈ ఆవులకి రేకులేంటి?"

"ఉన్నవాళ్ళ ఆవులండీ. వాటికి మీ సాయం అక్కర్లేదు, కొట్టేయండి లిస్టులోంచి."

"వెటకారమా?"

"నా దగ్గర మిగిలిందదే. మిగతాదంతా పైన వేశాను."

ఆమె ఇంకేదో అనబోయింది. అంతలో వాన దబదబా విరుచుకుపడింది. ఇద్దరం పరుగెత్తి నా ఇంట్లో దూరాం. ట్యాబుని కోటు లోపల పసిపిల్లలా దాచుకుని, జుట్టు విదిలించుకుని, ఒక్క నిమిషం కళ్ళు మూసుకుని పైనుంచి వచ్చే చప్పుడు విన్నది. ఆ ముఖం చూశాక రెండేళ్ళ కష్టానికి నాకేం బాధ మిగల్లేదు. నిజం.

"ఈ చప్పుడంటే నాకు పిచ్చి!" అని అరిచింది.

"తెలుసు! ఈ రేకులు నీ కోసమే వేయించాను!" అని నేనూ అరిచాను.

"ఏంటీ? వినపళ్ళా!" చెవి దగ్గర చెయ్యి పెట్టింది.

రెండోసారి చెప్పేంత ధైర్యం నాకు లేదు. "టీ తాగుతావా అన్నాను!"

"తాగుతా!"

అంతే. సరస్సంత ప్రేమ కాస్తా గ్లాసుడు టీ అయిపోయింది.

ఆ తర్వాత దారిన పోతే ఆగేది. నా టీ కషాయంలా ఉందనేది, రెండో గ్లాసు అడిగేది. 'మీరు' ఎప్పుడు పోయి 'నువ్వు' వచ్చిందో ఇద్దరం గమనించలేదు. ఒయుగి పేరు కొట్టేశావా అని అడిగితే చూపు తిప్పుకుంది.

"కొట్టెయ్యలేదు. వాళ్ళావిడకి జ్వరం, ఇల్లు కారుతోంది. రేకులు దాచినంత మాత్రాన ఉన్నవాడైపోతాడా? ఆయన ఇప్పుడు నిజంగానే గడ్డి కింద ఉన్నాడు కదా."

"మరి నేను?"

"నీకు రూలు అడ్డొచ్చింది, ఆయనకి నా జాలి అడ్డుపడింది. ఏం చెయ్యమంటావు?"

అబద్ధం చెప్తే కళ్ళు పోతాయి, ఆ డబ్బుతోనే తర్వాత ఒయుగి పెద్దకూతురు నర్సు చదువులో చేరింది. అది నా నోటితో చెప్పాలంటే మాత్రం పళ్ళు నూరుకుంటూ చెప్తాను.

ఒక మంగళవారం అలువోచ్ వచ్చింది గానీ టీ అడగలేదు. ముఖం మాడిపోయి ఉంది.

"ఏమైంది?"

"గురువారం విదేశాల నుంచి పెద్దావిడ వస్తోంది. హెలెన్ అని, సంస్థకి డబ్బిచ్చే ఆవిడ. పోయినేడు సాయం అందుకుని రేకులు వేయించుకున్న ఇల్లు చూస్తానంది. ఆ ఇల్లున్న ఊరి దారి వానకి కొట్టుకుపోయింది, జీపు వెళ్ళదు."

"అయితే?"

"ఈ ఊళ్ళో రేకులున్న ఇల్లు నీదొక్కటే. మా ఎలైజా సార్ నీ ఇల్లు చూపించేద్దామంటున్నాడు. మా డబ్బుతోనే వేయించుకున్నావని."

నాకు నవ్వు ముంచుకొచ్చింది. రేకులున్నాయని తన్ని తగలేసినవాళ్ళే, ఆ రేకులు మేమే వేయించామని చెప్పుకుంటారట! సిగ్గుని కూడా ఎవరికైనా దానం ఇచ్చేశారేమో.

"నిన్ను ఒప్పించమని నన్ను పంపాడు. ఈ నెలతో నా కాంట్రాక్ట్ అయిపోతుంది. ఇది సవ్యంగా జరిగితే ఇంకో రెండేళ్ళు పొడిగిస్తాడట. ఇంట్లో నా జీతం ఒక్కటే." ఆమె తల దించుకుంది. "నేను మాత్రం అడగను. చెప్పాలి కాబట్టి చెప్పాను."

"నవ్వుతూ నిలబడాలి, అంతేగా? నిలబడతాను."

"నీకు సిగ్గులేదా?"

"ఉంది. పళ్ళు కూడా ఉన్నాయి. గురువారం పళ్ళు చూపిస్తాను."

"ఎందుకు చేస్తావు నా కోసం?"

"మా ఊళ్ళో టీకి అలవాటు పడ్డవాళ్ళని పోగొట్టుకోం."

ఆమె పెదవి కొరుక్కుంది. ట్యాబు చంకలో పెట్టుకుని వెళ్ళిపోయింది.

గురువారం మూడు తెల్ల జీపులొచ్చాయి. బురద అంటకుండా షూస్ ఎత్తెత్తి వేస్తూ ఎలైజా సార్ దిగాడు. నైరోబీ మనిషి, మా భాష ముక్క రాదు. నా చొక్కా చూసి మూతి విరిచాడు.

"ఇస్త్రీ చొక్కా ఎందుకయ్యా? పాతది లేదా?"

"సాయం అందాక కొన్నానని చెప్పండి సార్."

"అతి చెయ్యకు. ఇంగ్లీషులో మాట్లాడకు, మీ భాషలోనే మాట్లాడు. అప్పుడే సహజంగా ఉంటుంది. అలువోచ్ తర్జుమా చేస్తుంది."

ఊరంతా చుట్టూ మూగింది. నానమ్మ స్టూలు తెచ్చుకుని ముందు వరసలో కూర్చుంది. ఒయుగి పశువుల కొట్టానికి దుప్పట్లు కప్పి వచ్చాడు. హెలెన్ మంచి మనిషే, పాపం. ఎండకి ఎర్రబడ్డ ముఖంతో నా రెండు చేతులూ పట్టుకుని, సంస్థ సాయంతో నీ జీవితం ఎలా మారిందని అడిగింది. అలువోచ్ ఆ మాటని మా భాషలోకి మార్చింది.

నేను నేర్చుకున్న ముక్క ఒకటుంది. 'సంస్థ దయవల్ల.' అది నాలిక చివరిదాకా వచ్చింది. అప్పుడు ఆమె కళ్ళు చూశాను. ఎలాగూ తర్జుమా చేసేది తనే. నేనేం వాగినా ఇంగ్లీషులో సంస్థ దయే అవుతుంది, ఉద్యోగం పోదు. ఇంతకంటే మంచి అవకాశం జన్మలో రాదనిపించి, నవ్వుతూ, చేతులూపుతూ, కృతజ్ఞతలు చెప్తున్నవాడిలా మొదలుపెట్టాను.

"అమ్మా, ఈ రేకుల్లో మీ సంస్థది మేకు కూడా లేదు. సొంత బండి మానుకుని వేయించాను. ఎందుకంటే, వానలో రేకుల చప్పుడు లేని ఇంట్లో కాపురం చెయ్యనని ఒక పిల్ల అంది. వేయించిన వారానికే ఆ పిల్ల ట్యాబు పట్టుకొచ్చి నన్ను లిస్టులోంచి కొట్టేసింది. అయినా దాని మీద నాకు కోపం రావడం లేదు, ఏం చెయ్యను?"

ఊరు గొల్లుమంది. నానమ్మ స్టూలు మీదనుంచి పడబోయింది. ఎలైజా సార్ ఏమీ అర్థంకాక, జనం సంతోషంగా ఉన్నారని తనూ చప్పట్లు కొట్టాడు.

అలువోచ్ కొట్టలేదు. ట్యాబుని గుండెకి అదుముకుని నిలబడింది.

"ఏమంటున్నాడు?" హెలెన్ అడిగింది.

చెప్పెయ్ తల్లీ, సంస్థ దయ అని చెప్పెయ్, అని మనసులో మొక్కుకున్నాను.

"ఈ రేకులకి మేం పైసా ఇవ్వలేదంటున్నాడు," అంది అలువోచ్, స్పష్టమైన ఇంగ్లీషులో. "అది నిజం. ఇవి ఉన్నాయనే మేం ఇతన్ని లిస్టులోంచి కొట్టేశాం. ఒకమ్మాయి కోసం తన కష్టంతో వేయించుకున్నాడట."

ఎలైజా సార్ చప్పట్లు గాల్లోనే ఆగిపోయాయి.

"ఎవరా అమ్మాయి?" హెలెన్ కళ్ళు పెద్దవి చేసింది.

"నేనే," అంది అలువోచ్. తర్వాత నా వైపు తిరిగి, మా భాషలో, ఊరందరూ వినేలా అంది. "ఆ రోజు వానలో నువ్వన్నది నాకు వినపడిందిరా మొద్దూ. రెండోసారి చెప్తావేమోనని చూశాను. టీ పోశావు!"

నా ముఖం ఎలా ఉండి ఉంటుందో నాకు తెలియదు. హెలెన్ వెంట వచ్చిన ఫోటోలవాడికి మాత్రం తెలుసు, ఎందుకంటే సరిగ్గా అప్పుడే అతను ఫోటో తీశాడు.

"ఉద్యోగం పోయింది పిచ్చిదానా," అన్నాను, జీపులు వెళ్ళాక.

"పోతే పోనీ. అబద్ధం నీకోసం నువ్వు ఆడలేదు, నాకోసం ఆడబోయావు. అది నేనెలా మొయ్యను?" అంది. కళ్ళలో నీళ్ళున్నాయి, పెదవి కొరుక్కోవడం మాత్రం మానలేదు.

నానమ్మ కర్ర టకటకలాడిస్తూ వచ్చి ఇద్దరినీ ఎగాదిగా చూసింది. "ఒక ఆవొస్తుందనుకుంటే రాలేదు. ఇప్పుడు కన్యాశుల్కం కింద ఈ పిల్ల పుట్టింటికి మనమే ఆవుల్ని తోలాలి. ఒరేయ్, నీవల్ల ఈ వాకిట్లో పేడ కూడా మిగల్దు!" అని తిట్టి, అలువోచ్ గడ్డం పట్టుకుంది. "అర్హుడేనా వీడు? సరిగ్గా చూసి చెప్పు."

"ముందు అడిగాను, తర్వాత చూశాను నానమ్మా. అర్హుడే."

కాంట్రాక్ట్ పొడిగించలేదు. అలువోచ్ ఇప్పుడు బోండోలో రేకులమ్మే కొట్లో పనిచేస్తోంది. మీ కప్పు గడ్డిదా అని ఎవర్నీ అడగదు.

మొన్న సంస్థ వాళ్ళు ఏడాది పుస్తకం అచ్చేశారు. దాని అట్ట మీద నిండుగా మా ఇద్దరి ఫోటో. నేను నోరు తెరుచుకుని, తను నన్ను తిడుతూ, పైన మెరిసే రేకులు. కింద పెద్ద అక్షరాల్లో 'మా సాయంతో కొత్త జీవితం' అని ఉంది.

అలువోచ్ చించబోయింది, నేను ఆపాను. అట్ట జాగ్రత్తగా కత్తిరించి, కింది అక్షరాలు తీసేసి, అద్దం కట్టించి గోడకి తగిలించాను. పెళ్ళికి ఫోటోలు తీయించుకోవడానికి మా దగ్గర డబ్బుల్లేవు. ఆ సంస్థ నుంచి నాకు అందిన సాయం అదొక్కటే.