తొమ్మిదో రోజు

మనిషి మణికట్టు పట్టుకుంటే చాలు, వాడు యుద్ధంలో ఎన్నో రోజున పారిపోతాడో చెప్పేసేవాడు అసిరినాయుడు. కాలువ పొడుగునా ఉన్న పన్నెండు భర్తీ కేంద్రాల్లో అంతటి మొనగాడు లేడు.

ఆ ఉదయం కూడా ధైర్యమాపకం ఎవరి చేతికి తగిలించినా ఎర్రగానే వెలుగుతోంది. "తొమ్మిదో రోజు," అంటూ ముద్ర వేస్తున్నాడు. ముద్ర పడగానే ఆ మనిషి ఇంట్లో కుళాయి తెరుచుకుంటుంది. మనిషికో కుళాయి. ఊరికి నీళ్లు ఆపేసి మూడు వారాలైంది; వరస గట్టు దాటిపోయింది.

ఏ విద్యా లేదులెండి అతనికి. అందరికీ తొమ్మిదే చెప్పేవాడు. దాహంతో వచ్చినవాళ్లు తొమ్మిదో నాటికి కడుపారా నీళ్లు తాగి, ఇల్లు గుర్తొచ్చి, తుపాకీ పారేసేవాళ్లు.

బల్లమీది పెట్టె పలికింది. రాజధాని గొంతు. "భర్తీ నాణ్యత పడిపోతోంది. మరో నాలుగు ఊళ్లకు నీళ్లు ఆపెయ్యి."

"చిత్తం," అని, "తర్వాతివాడు!" అని కేకేశాడు.

తవిటయ్య వచ్చాడు. తల ముగ్గుబుట్ట.

"వయసు?"

"పందొమ్మిది బాబూ."

"పందొమ్మిదికే నెరిసిపోయిందా?"

"ఎండలు బాబూ. పంటే మాడిపోనాది, జుట్టెంత?"

వెనకవాళ్లు నవ్వారు. అసిరినాయుడూ నవ్వుతూనే చెయ్యి పట్టుకున్నాడు. "తొమ్మిదో రోజు."

"మా గుంటడికీ అదే సెప్పినావు బాబూ. పారిపోయొచ్చేస్తాడని ఆడి అమ్మ తొమ్మిదో నాడు అన్నం వండి కూకుంది." తవిటయ్య చెయ్యి లాక్కోలేదు. "ఎనిమిదో నాడే పోనాడు."

ముద్ర గాల్లోనే ఆగిపోయింది. అసిరినాయుడు దాన్ని కింద పెట్టి, పెట్టె వైపు తిరిగాడు. "తూము ఎత్తు."

తూములు నడిపేదీ ఆ పెట్టే; అతని గొంతు దానికి తెలుసు. "ఏ ఊరికి?"

"అన్నిటికీ."

నీళ్ల హోరు వినపడగానే వరస చెదిరి బిందెల కోసం పరుగెత్తింది.

"నువ్వూ ఇంటికెళ్లు తాతా."

"పందొమ్మిదేళ్లోణ్ని పట్టుకుని తాతంటావేటి!" అంటూ తవిటయ్య గట్టు దిగాడు. కళ్లు మాత్రం నవ్వలేదు.

ముగ్గురే మిగిలారు. నీళ్లున్నా వస్తామన్నారు. మాపకం ముగ్గురికీ పచ్చగా వెలిగింది.

ఆ ముగ్గురూ నా కల్పనేనండి, కథకు అందమని కలిపాను. గట్టుమీద ఒక్కడూ మిగల్లేదు. బల్ల వెనక మాత్రం ఒకడున్నాడు. సాయంత్రం రాజధాని బండొచ్చి, మాపకం అతని చేతికే తగిలించారు. పచ్చగా వెలిగింది. "ఇన్నాళ్లకు ఒక్కడు దొరికాడు," అని ఎక్కించుకుపోయారు.

అతను వెళ్లిన తొమ్మిదో నాడు తవిటయ్య పెళ్లాం మళ్లీ అన్నం వండి కూర్చుంది.