గొంతు బొంగురుకి మందు

"పెన్ను లోపల పెట్టండి! ఇక్కడ పెన్సిల్ ఒక్కటే వాడాలి."

ఆర్కైవ్స్ రీడింగ్ రూమ్‌లో ఆ అమ్మాయి వేసిన కేకకి అతను బిక్కచచ్చిపోయాడు. నోరు తెరిచాడు. మాట రాలేదు. ఆమె ఇచ్చిన పెన్సిల్‌తోనే స్లిప్పు మీద రాశాడు: "రేడియో అనౌన్సర్‌ని. గొంతు పోయింది. డాక్టర్ రెస్ట్ తీసుకోమన్నాడు. వచ్చే నెల నుంచి పొద్దుటి ప్రోగ్రామ్ నాది. గొంతు రాకపోతే ఇంకొకరిది. మీ దగ్గర పాత చిట్కాలున్నాయట."

ఉన్నాయి. ఎప్పటెప్పటి ఇల్లాళ్లో వంటలూ వైద్యాలూ కలిపి రాసిపెట్టుకున్న పుస్తకాలు. వాటిని చూసుకోవడమే ఆమె ఉద్యోగం. కేకేసినందుకు నొచ్చుకుందో ఏమో, ఒకటి తెచ్చి మెత్తటి దిండు మీద పెట్టి జాగ్రత్తగా విప్పింది. నిమ్మకాయ షర్బత్‌కీ, చీమల మందుకీ మధ్య దొరికింది.

"గొంతు బొంగురుకి. ఎండబెట్టిన కప్పని మెత్తగా నూరి..." గుసగుసగా చదివింది.

అతని మొహం పాలిపోయింది.

"వద్దా? ఇంకోటుంది. అయ్యో, ఇందులో సీసపు పొడి. గొంతుతో పాటు మనిషీ పోతాడు." పేజీ తిప్పి కిసుక్కున నవ్వింది. "ఇది బాగుంది. 'తగ్గేదాకా నోరు మెదపకూడదు.' కింద ఆవిడే రాసుకుంది: 'మా ఆయన చేత చేయించాను. ఇల్లెంత ప్రశాంతంగా ఉందో! మళ్లీ ఎప్పుడు బొంగురుపోతుందో!'"

అతను నవ్వబోయి దగ్గాడు.

నోరు మూసుకు కూర్చోడానికి రీడింగ్ రూమ్‌ని మించిన చోటేముంది? రోజూ మధ్యాహ్నం రావడం మొదలెట్టాడు. అతను రాస్తాడు, ఆమె గుసగుసలాడుతుంది. మాసిపోయిన అక్షరాలు ఇద్దరూ కూడబలుక్కునేవారు. ఆమె 'చారెడు మిరియాలు' అంటే, కాదు 'బారెడు' అని అతను రాశాడు.

"మిరియాలు బారెడా? కొలవడానికి టేపు తెమ్మంటారా?"

అతను రాని రోజున మాత్రం ఆ గది ఆమెకి మరీ నిశ్శబ్దంగా అనిపించింది.

ఒక పొద్దున ఇంట్లో వాళ్లమ్మ రేడియో సౌండ్ పెంచింది. "ఈ కొత్తబ్బాయిని వారం నుంచీ వింటున్నానే. ఏం గొంతో!"

కొత్తబ్బాయి బారెడు మిరియాల సంగతి చెప్పి పకపకా నవ్వుతున్నాడు. ఆమె చేతిలో కాఫీ కప్పు గాల్లోనే ఆగిపోయింది.

మధ్యాహ్నం అతను ఎప్పట్లాగే స్లిప్పు తీశాడు. ఆమె లాక్కుంది.

"పొద్దున విన్నాను. వారం నుంచీ నన్ను పిచ్చిదాన్ని చేస్తున్నారా?"

"మాటొచ్చిందని తెలిస్తే..." మొదటిసారి ఆమె ముందు నోరు విప్పాడు, "ఇక్కడికి రావడానికి సాకు పోతుందని..."

పక్క టేబుల్ పెద్దాయన "ష్!" అన్నాడు.

ఆమె విసవిసా వరండాలోకి నడిచింది. అతను వెనకే పరిగెత్తాడు. బయట వాన దంచుతోంది.

"ఇప్పుడు చెప్పండి. ఇక్కడ ఎవరూ ష్ అనరు."

"అంటే... మీరు... నేను..." ఊరంతటికీ గుక్కతిప్పుకోకుండా కబుర్లు చెప్పేవాడు నీళ్లు నమిలాడు. చెవులు ఎర్రబడ్డాయి.

జల్లు మీద పడుతున్నా ఆమె కదల్లేదు. కోపం ఎటు పోయిందో ఆమెకే తెలీలేదు.

"సరే, నేనే చెప్తా. ఆదివారం మా ఇంటికి రండి. మీ గొంతు మా అమ్మకి నచ్చింది. మిగతా మనిషి నాకు నచ్చాడు."

"వస్తాను!"

ఆ అరుపుకి లోపల రీడింగ్ రూమ్‌లో అందరూ తలలెత్తారు.