ఏడవాల్సిన దెయ్యం

నగరం నడిబొడ్డున తాతలకాలం నాటి పార్కు ఒకటుంది. అక్కడ ఎండిపోయిన ఫౌంటెన్ దగ్గర, పొద్దుగూకాక, ఎవరో ఆడమనిషి వెక్కివెక్కి ఏడుస్తుందట. విన్నవాళ్లు మంచం పట్టారట. ఎవరు పట్టారయ్యా అంటే మాత్రం ఒక్కడూ చెప్పలేడు.

ఎలా చెప్తాడు? దెయ్యాన్ని పుట్టించిందే ఆ వార్డు కార్పొరేటరు. టీకొట్టు దగ్గర ఓ మాట, సెలూన్లో ఓ మాట జారవిడిచాడు. మిగతాది జనం చూసుకున్నారు. పార్కు ఖాళీ అయితే చెట్లు కొట్టించి కార్ల పార్కింగు కట్టించొచ్చు. కట్టే కాంట్రాక్టరు కొత్త కారు ఇస్తానన్నాడు. మన మహానుభావుడు అప్పుడే రంగు కూడా ఎంచేసుకున్నాడు.

సంతకాల రోజు రానే వచ్చింది. సాయంత్రం మీటింగ్. మున్సిపల్ ఆఫీసు పార్కుకి అవతల. అతగాడి పాత కారేమో ఇవతల ట్రాఫిక్‌లో ఇరుక్కుంది... అటూ కదలదు, ఇటూ కదలదు. దిగి చుట్టూ తిరిగి వెళ్తే మీటింగ్ కాస్తా అయిపోతుంది. ఇక పార్కులోంచి అడ్డంగా పడి వెళ్లాల్సిందే.

'నా దెయ్యానికి నేనే భయపడతానా?' అనుకుంటూ తుప్పు గేటు తోశాడు.

లోపల చీకటి ముసురుకుంటోంది. ఎండుటాకుల మీద తన అడుగులే ఇంకెవరివో అన్నట్టు వినిపిస్తున్నాయి. ఫౌంటెన్ దగ్గరపడింది...

హి... హి... హి...

టక్కున ఆగిపోయాడు. తను పుట్టించింది ఏడవాలి కదా — ఇది నవ్వుతోందేంటి?

మళ్లీ వినిపించింది. ఈసారి ఒకటి కాదు, గుంపు గొంతులు. హా... హా... హా... పొదల వెనక నల్లటి ఆకారాలు చేతులు పైకెత్తి ఊగుతున్నాయి.

పై ప్రాణాలు పైనే పోయాయి. చెప్పులు అక్కడే వదిలేసి ఒకటే పరుగు.

మీటింగ్ గదిలోకి వచ్చి పడ్డాడు. "ఉంది... నిజంగానే ఉంది" అన్నాడు, కుర్చీ పట్టుకుని.

సంతకానికి వంగిన కాంట్రాక్టరు మెల్లగా పెన్ను కింద పెట్టాడు.

"ఊళ్లోవాళ్లంటే పుకారనుకున్నానండీ. మీరే ఇలా వణికిపోతూ వస్తే... మనుషులే అడుగు పెట్టని చోట బండి ఎవడు పెడతాడు చెప్పండి?"

అంతే. బేరం పోయింది, కారూ పోయింది.

ఇంటికి చేరేసరికి అత్తగారు సోఫాలో కూర్చుని కళ్లు తుడుచుకుంటోంది. రోజూ సాయంత్రం ఆవిడ ఎక్కడికెళ్తుందో అల్లుడు ఏనాడూ అడిగిన పాపాన పోలేదు. పక్కన కూలబడి, "ఏమైందత్తయ్యా?" అన్నాడు నీరసంగా.

"ఏం లేదు బాబూ. మా ముసలాళ్లం నవ్వుల క్లబ్బు పెట్టుకున్నాం. ఇంతకుముందు జనం చూసి వెక్కిరించేవాళ్లు. ఎవడో పుణ్యాత్ముడు దెయ్యం ఉందని పుకారు లేపాడు, అప్పట్నించి పార్కంతా మాదే. మాకేం భయం, రేపోమాపో మేమూ వాటిలో కలిసేవాళ్లమే. రోజూ ఏదో తెచ్చిపెట్టుకుని నవ్వుతాం... ఇవాళ మాత్రం ఎవడో మమ్మల్ని చూసి, చెప్పులొదిలేసి..."

ఆవిడకి మళ్లీ నవ్వు ముంచుకొచ్చింది. అల్లుడు మెల్లగా కాళ్లు సోఫా కిందకి లాక్కున్నాడు.

"ఎన్నాళ్లకి నిజంగా నవ్వామో బాబూ" అంది అత్తగారు. "రేపు కూడా వస్తే బాగుణ్ణు."