నీలం గళ్ల చొక్కా

చందర్లపాడులో మిరప కోతలు వచ్చాయంటే పొద్దున్నే ఇంటింటా మగవాళ్ల పాత చొక్కాల కోసం వెతుకులాట మొదలవుతుంది. ఎండకు చేతులు కాలకుండా, మిరప ఘాటు ఒంటికి అంటకుండా, చీర మీద మొగుడి పొడుగు చేతుల చొక్కా తొడుక్కుని తలకు తువ్వాలు చుట్టుకోనిదే ఏ ఆడమనిషీ చేలో దిగదు. ఆ రోజు తాయారు కూడా బట్టల పెట్టెను కిందా మీదా చేసేసింది.

"ఏమయ్యా, నీలం గళ్ల చొక్కా ఏది?"

వాకిట్లో ఆటో అద్దం తుడుస్తున్న లక్ష్మీకాంత్ తల తిప్పలేదు. "నాకేం తెలుసే. నేనది వేసుకుని రెండేళ్లయింది."

"పెట్టెలో లేదు."

"ఇంకోటి వేసుకో. అవతల కూలోళ్లు ఎదురుచూస్తంటారు."

ఇంకోటి వేసుకోమనడం తేలికే. అది తాయారు ఒక ఏడు తన కోతల కూలితో జగ్గయ్యపేట వెళ్లి మరీ మొగుడికి కొన్న చొక్కా. దళసరి నూలు గుడ్డ, ఎండ లోపలికి దిగదు. ఎడమ చేతి గుండీ ఊడితే, కూతురు దేవిశ్రీ పాత యూనిఫాంలోంచి ఎర్ర గుండీ తీసి తనే కుట్టింది. ఈ ఏడు కోతలకు తను వేసుకోవాలని దాచుకుంది. చేసేది లేక పలచబడిన తెల్ల చొక్కా ఒకటి సంచిలో కుక్కుకుంది. వంటింటి గడప దగ్గర మజ్జిగ చిలుకుతున్న అత్తగారు ఈ మాటలన్నీ విన్నది. కవ్వం ఒక్క క్షణం ఆగి, మళ్లీ తిరిగింది.

కూలీలను చేలకు చేర్చే ఆ ఆటోలో ముందు సీటు పరిమళది. ఊరి చివర ఇల్లు కాబట్టి ఆఖర్న ఎక్కుతుంది, అప్పటికి వెనక చోటుండదు. ఆ సంగతి తాయారుకు తెలుసు. తెలిసినా లోపల మండుతూనే ఉండేది. పరిమళ మొగుడు మొన్న కార్తీకంలో జబ్బు చేసి పోయాడు. "చిన్న వయసు, పాపం" అని ఊరంతా అన్నది, తాయారూ అన్నది. కానీ తన మొగుడి పక్కన ఆ మనిషి కూర్చోవడం చూసినప్పుడల్లా ఆ పాపం కాస్తా గొంతులోనే ఉండిపోయేది. మొన్న దిగేటప్పుడు లక్ష్మీకాంత్ ఆమెకు నీళ్ల సీసా అందించాడు. తోటి కూలీ అమీర్‌బీకీ అలాగే అందించాడు, అయినా తాయారుకు పరిమళ సీసా ఒక్కటే గుర్తుంది.

చేలోకి దిగాక చొక్కాల మీద వేళాకోళం మామూలే. ఏ చొక్కా ఎవరి మొగుడిదో కూలీలందరికీ కంఠతా వచ్చు. చొక్కాను బట్టి మొగుడి పేరు పెట్టి పిలుచుకుంటారు, నవ్వుకుంటారు, పొద్దు గడుపుకుంటారు.

"తాయారక్కా," అన్నది పక్క సాలులోంచి అమీర్‌బీ, "మీ లక్ష్మీకాంతన్న ఇవాళ రెండు సాళ్లలో కనపడతన్నాడే."

ఆడవాళ్లు గొల్లున నవ్వారు. తాయారు తలెత్తి చూసింది. నాలుగు సాళ్ల అవతల పరిమళ. ఒంటి మీద నీలం గళ్లు. కాయ కోయడానికి చెయ్యి చాచినప్పుడు ఎడమ మణికట్టు దగ్గర ఎర్ర గుండీ.

అనుమానం పెనుభూతమని పెద్దలు ఊరికే అనలేదు. పొద్దున అతను తల తిప్పకుండా జవాబు చెప్పడం, ముందు సీటు, నీళ్ల సీసా, అన్నీ ఒక్కసారిగా వచ్చి తాయారు గుండెల మీద కూర్చున్నాయి. పదహారేళ్ల కాపురంలో ఆ మనిషి తనకు ఒక్క జాకెట్ ముక్క తెచ్చిన పాపాన పోలేదు. ఆమెకు చొక్కా ఇచ్చాడు. అదీ తను కొన్న చొక్కా. ఎంత సిగ్గులేకపోతే అందరి ముందూ తొడుక్కుని దిగుతుంది. గంటసేపు తాయారు చేతులు కాయలు కోస్తున్నాయేగానీ కళ్లు ఆ గుండీ మీదే ఉన్నాయి.

మజ్జిగకు గట్టెక్కినప్పుడు నేరుగా వెళ్లి ఎదురుగా నిలబడింది.

"ఆ చొక్కా ఎక్కడిది?"

పరిమళ బెదిరిపోయింది. "ఇచ్చారక్కా."

"ఎవరు?"

"చెప్పొద్దన్నారు."

"ఎందుకు చెప్పొద్దన్నారో?"

"నీకు తెలిస్తే గొడవవుద్దని."

ఆ మాటతో ఉన్న కాస్త ఓపికా పోయింది. "అది నేను కొన్నది. ఆ గుండీ నేను కుట్టింది. విప్పి ఇచ్చెయ్."

అమీర్‌బీ అడ్డం వచ్చింది. "ఎండ చూడక్కా. మొన్న ఆశా వర్కర్ జాయిస్ అంతసేపు చెప్పింది గదా, చేతులూ మెడా కప్పుకోకపోతే వడదెబ్బ తగులుద్దని. సాయంత్రం అడుగుదువుగాని."

"నీ మొగుడి చొక్కా అయితే తెలిసేది నీకు."

పరిమళ ఒక్కొక్క గుండీ తీసింది. చొక్కా దులిపి, మడత పెట్టి, తాయారు చేతుల్లో పెట్టింది. కొంగు భుజాల చుట్టూ కప్పుకుని మళ్లీ సాలులోకి దిగింది. కాయ కోసిన ప్రతిసారీ ఆ కొంగు జారిపోతూనే ఉంది. తాయారుకు కడుపు చల్లబడాలి. పడలేదు. అయినా పిలిచి తిరిగి ఇవ్వడానికి మనసొప్పలేదు.

పన్నెండు దాటాక పరిమళ మిరప మొక్కల మీదే ఒరిగిపోయింది.

నలుగురూ పట్టుకుని, గట్టు మీద కట్టిన టార్పాలిన్ పట్టా నీడకు చేర్చారు. ఒళ్లు పెనంలా కాలుతోంది, చెమట చుక్క లేదు. తడి తువ్వాళ్లు కప్పారు. ఫోను చేస్తే లక్ష్మీకాంత్ ఆటో గట్టు దాకా తెచ్చాడు.

"ఈ ఎండలో చొక్కా లేకుండా దిగిందేంటి?" అన్నాడు.

ఎవరూ తాయారు వైపు చూడలేదు. అమీర్‌బీ, అతను కలిసి పరిమళను ఆటోలోకి ఎత్తుతుంటే, తాయారు చూపు మాత్రం పరిమళ తల కింద ఉన్న అతని చేతి మీదికే పోయింది. సిగ్గుపడాల్సిన సంగతే, కానీ నిజం. ఆటో నందిగామ ఆసుపత్రికి వెళ్లిపోయింది.

తాయారు నడిచి ఇంటికి వచ్చేసరికి అత్తగారు వాకిట్లోనే ఉంది. కోడలి చేతిలోని చొక్కా చూసి మొహం మాడ్చుకుంది.

"అది నీ దగ్గరికెట్టా వచ్చింది?"

"నువ్వా అత్తా ఇచ్చింది?"

"నేనే. పోయినోళ్ల బట్టలు ఇంట్లో ఉంచగూడదని దాని మొగుడివన్నీ చుట్టాలు మూటగట్టి పంపించేశారు. ఇప్పుడు కోతలకు ఆ పిల్ల ఏం తొడుక్కుని దిగుద్దే?" ముసలామె మెట్టు మీద కూలబడింది. "మీ మామ కన్నుమూసిన ఏడు నా గతీ అంతే. మీ ఆయనకప్పుడు ఐదేళ్లు. ఇంట్లో మగ చొక్కా లేదు. ఎవర్నన్నా అడుగుదామంటే, మొగుడు లేనిదానికి తన మొగుడి చొక్కా ఏ ఆడది ఇస్తది? ఉత్త చేతులతోనే కోశా."

ఆమె చేతులు చాచింది. మోచేతుల కింద నల్లగా, తెల్లగా కమిలిన మచ్చలు. పదహారేళ్లుగా ఆ చేతుల అన్నం తింటున్నా, అవేంటని తాయారు ఏనాడూ అడగలేదు.

"బొబ్బలెక్కి పగిలినవి. మిరప ఘాటు తగిలి మానలేదు."

"మరి నాకెందుకు చెప్పలేదత్తా?"

"చెబితే ఇవ్వనిచ్చేదానివా?"

తాయారు అత్తగారి చేతులు పట్టుకుని ఆ మచ్చల మీద నుదురు ఆనించి ఏడ్చింది.

సాయంత్రం నందిగామలో ఆసుపత్రి వరండాలో లక్ష్మీకాంత్ ఒక్కడే కూర్చుని ఉన్నాడు. సెలైన్ ఎక్కుతోందని, ప్రాణానికి ఫర్వాలేదని చెప్పాడు. తాయారు పక్కన కూర్చుంది.

"నిన్ను అనుమానించా."

"అమీర్‌బీ చెప్పింది. నన్నడగొచ్చుగా."

"పొద్దున అడిగాగా."

"చొక్కా ఏదని అడిగావు," అన్నాడు. వార్డు తలుపు వైపు చూపిస్తూ, "లోపలికి పో. మేలుకునే ఉంది," అన్నాడు.

పరిమళ చేతులు కమిలి ఎర్రగా ఉన్నాయి. తాయారు సంచిలోంచి చొక్కా తీయగానే మొహం తిప్పుకుంది. "నీదే గదక్కా. నువ్వే ఉంచుకో."

"నన్ను క్షమించమని అడగడానికి మొహం లేదు," అన్నది తాయారు. చొక్కా మంచం మీద పెట్టి, తడిగుడ్డతో ఆ చేతులు తుడుస్తూ కూర్చుంది. పరిమళ చేతులు వెనక్కి తీసుకోలేదు.

పది రోజులకు పరిమళ మళ్లీ పనిలోకి వచ్చింది. ముందు సీటులోనే వచ్చింది. చేను గట్టు మీద చొక్కా చేతిలో పట్టుకుని, తొడుక్కోవాలో వద్దో తెలియక నిలబడింది. తాయారు దగ్గరకు వెళ్లి తనే తొడిగింది. మెడ దాకా గుండీలు పెట్టింది. ఆఖర్న ఎడమ మణికట్టు దగ్గర ఎర్ర గుండీ పెట్టింది.

పక్క ఊరి నుంచి కొత్తగా వచ్చిన ఒకామెకు ఈ గొడవేమీ తెలియదు. అలవాటు కొద్దీ నవ్వుతూ అడిగింది.

"ఏమ్మాయ్, ఎవరి చొక్కా అది?"

పరిమళ తల వంచుకుంది. అమీర్‌బీ కోస్తున్న చెయ్యి ఆపింది.

"నాది," అన్నది తాయారు. "మా చెల్లెలికిచ్చా."